తెరచాప దించిన గురువారం

పెదనాన్న పోయాడని కబురు ఫోనులో వచ్చింది. అంగలకుదురులో మా ఇంటి వసారాలో కూర్చుని పొద్దుటి పేపరు రెండోసారి చదువుతున్నాను. రిటైరైనవాడికి పేపరు రెండుసార్లు చదవడం కూడా ఒక పనే. "బాబాయ్, తాతయ్య పోయాడండి. కాఫీ ఇద్దామని లేపితే లేవలేదు" అన్నాడు ఆయన మనవడు. తొంభై దగ్గర పడ్డ మనిషి, మంచాన పడకుండా వెళ్ళిపోయాడు, అదృష్టవంతుడు అని నలుగురూ అనే మాటే నేనూ అన్నాను. రేపల్లె వెళ్ళి, ఆయన్ని సాగనంపి, సాయంత్రం బస్సుకి తిరిగొచ్చాను. పెద్దమ్మ నన్ను చూసి ఏడవలేదు. "పెద్దకర్మకి రారా శేషూ" అని మాత్రం అంది. ఆ మధ్య రోజుల్లో నాకు తిండి సయించలేదు. పెదనాన్న మీద ప్రేమ వల్ల అని మా ఆవిడ అనుకుంది. అనుకోనిచ్చాను. అట్టా అనుకోనివ్వడం నాకు బాగా పట్టుబడిన విద్య. అది ఎక్కడ నేర్చుకున్నానో చెప్పాలంటే కృష్ణా ఏటి మీద గురువారం సాయంత్రాల సంగతి చెప్పాలి.

మాది రేపల్లెకి దిగువన ఏటి ఒడ్డున నలభై గడపల పల్లెపాలెం. సముద్రం దగ్గరే కాబట్టి పోటు వచ్చినప్పుడు ఏరు ఉప్పగా ఎదురెక్కేది, పాటు తీసినప్పుడు మళ్ళీ కిందికి లాగేది. మా గడియారం అదే. పొద్దున్నే ఇంటింటి ముందూ పెద్ద అండాల్లో తుమ్మచెక్క ఉడికేది, వలలకి ఆ రసం పట్టిస్తే నీళ్ళలో చీకిపోకుండా ఉంటాయని. ఆ వగరు వాసన, ఎండు రొయ్యల వాసన, మా అమ్మ కొంగు వాసన ఒకటే. మా నాన్న నాకు ఎనిమిదేళ్ళప్పుడు నిజాంపట్నం అవతల సముద్రంలో పోయాడు. పడవ దొరికింది, ఆయన దొరకలేదు. పడవలో తెరచాప దించి, మడతలు పెట్టి కట్టేసి ఉందట. ఆ సంగతి చెప్పినప్పుడల్లా మా అమ్మ అక్కడితో ఆపేసి వేరే పనిలోకి వెళ్ళిపోయేది. పెద్దయ్యేదాకా నాకు ఆ మాటలో ఏముందో తెలియలేదు.

తెలియజెప్పింది పెదనాన్న. మా నాన్నకి అన్న, వెంకటసామి. మాట తక్కువ మనిషి. చద్దన్నంలోకి ఉల్లిపాయ కొరుక్కుంటూ ఏటి వైపే చూస్తూ తినేవాడు, కంచం వైపు చూడడం నేనెరగను. గాలి ఏ పక్కనుంచి వస్తుందో వాకిట్లోకి రాకముందే చెప్పేవాడు. తాడు ముడి వేస్తే మళ్ళీ ఆయనే విప్పాలి గాని ఇంకొకరి వల్ల కాదని పాలెమంతా అనేది. కొత్త పడవ దించినప్పుడు మొదటి ముడి ఆయన చేత వేయించుకునేవాళ్ళు. తెరచాపని మేం ఉత్త చాప అనేవాళ్ళం. నాకు పదిహేనేళ్ళప్పుడు మొదటిసారి సముద్రంలోకి తీసుకెళ్ళి ఆయన చెప్పిన మాట ఒకటే. "నీళ్ళ మీద కేక వినపడదురా. చాప కనపడుద్ది. మధ్యలో ఎవడన్నా చాప దించాడంటే మనిషి పోతన్నాడని. నీ వల నిండా చేపలున్నా కోసి పారేసి వెళ్ళాలి. ఎవడనేది చూడకూడదు. పగోడైనా వెళ్ళాలి." వల వైపు తిరిగి, "మీ నాయన దించినప్పుడు చూసినోళ్ళు లేకపోయారు" అన్నాడు. చూసి కూడా వెళ్ళనివాడికి పాలెంలో ఒకటే శిక్ష. ఏడాదిపాటు ఏ ఇంట్లో పెళ్ళైనా చావైనా వాడికి బంతిలో విస్తరి వెయ్యరు. అందరూ కూర్చుంటే వాడు లేచి ఇంటికి పోవాలి. కొట్టడం, తిట్టడం ఏమీ ఉండదు. నా చిన్నతనంలో ఆ శిక్ష పడ్డవాడిని ఒక్కణ్ణే చూశాను. వాడు ఏడాది తిరక్కముందే పెళ్ళాం పిల్లలతో బాపట్ల అవతలికి వలస పోయాడు.

నేను ఎస్సెల్సీ తప్పి, చేపల బుట్టలు మోస్తూ, సముద్రానికి వెళ్తే మా అమ్మ అన్నం మానేస్తుందని వెళ్ళకుండా, ఎటూ కాకుండా ఉన్న రోజుల్లో ఇంజనీరు గారు బదిలీ మీద వచ్చారు. కాలవల శాఖలో పెద్ద ఆఫీసరు. అంతకుముందు విశాఖపట్నంలో ఉండగా తెరచాప పడవల పందేలు నేర్చుకున్నారట, ఆ పిచ్చి వదల్లేదు. టౌన్లో పేకాడుకునే పెద్దమనుషులని కూడగట్టి క్లబ్బు పెట్టారు. మా వడ్రంగుల చేతే సన్నటి పడవలు మూడు చేయించారు. ఒకటి ఆయనది. ఒకటి తెనాలి మిల్లు షావుకారు గారిది, భారీ మనిషి, నవ్వితే పడవ ఊగేది. మూడోది బాపట్ల నుంచి వచ్చే లెక్చరర్ గారిది. ఆయన రైలు అందితే వచ్చేవారు, లేకపోతే లేదు. ఎండాకాలం నాలుగు నెలలూ ప్రతి గురువారం, ఆఫీసులు కట్టేశాక, పైరగాలి లేచే వేళకి పందెం. పెనుమూడి రేవు దగ్గర మొదలుపెట్టి, లంక కొసన పాతిన ఎర్రజెండా వెదురు చుట్టి, పొద్దుగూకే లోపల మళ్ళీ రేవుకి రావాలి. చుక్కాని పట్టేది దొరలు. చాప తాడు లాగేది, పడవ ఒరిగితే అవతలి అంచు మీదికి వెనక్కి వాలి బరువు ఆనేది మాబోటి వాళ్ళు. షావుకారు గారికి పెదనాన్న కుదిరాడు. ఇంజనీరు గారు నన్ను ఎంచుకున్నారు.

మా పాలెంలో నవ్వని వాళ్ళు లేరు. చేపలు పట్టకుండా, మనుషుల్ని దాటించకుండా, బయల్దేరిన చోటికే మళ్ళీ వచ్చేదానికి పడవ ఎందుకు అని. నేనూ నవ్వాను, మొదటి గురువారం వరకే. తాడు చేతికి చుట్టుకుని, వీపు నీళ్ళకి తగిలేంత వెనక్కి వాలి, తల మీద చాప బిగిసి నిలబడితే, అప్పటిదాకా ఏ పనికీ రానివాడినన్న దిగులు ఎటు పోయేదో. మిగతా ఆరు రోజులూ ఆ గంటన్నర కోసమే. ఇంజనీరు గారు తెల్ల ప్యాంటు మడిచి, ఈల మెడలో వేసుకుని, "లాగు, వదులు, లాగు" అనేవారు. నేను ఆయన చెప్పేలోపే లాగేవాణ్ణి. మొదటిరోజే రేవులో అందర్నీ కూర్చోబెట్టి ఆయన పందెం రూల్సు చదివారు. అందులో ఒకటి, దారిలో చాప దించిన పడవ పందెం మానుకున్నట్టు లెక్క, మిగిలినవాళ్ళు ఆగనక్కర్లేదు అని. పెదనాన్న అది విని గొంతు సవరించుకున్నాడు. "చాప దించితే ఆగనక్కర్లేదా అండి?" అని అడిగాడు. "అవసరం లేదు వెంకటసామీ, ఇది ఏరే గదా, సముద్రం కాదు" అన్నారు ఇంజనీరు గారు. "అట్టాగేనండి" అన్నాడు.

ఆ సంవత్సరం పందేలు ముగిసే ముందు ఇంజనీరు గారు ఒక మాట అన్నారు. శాఖ లాంచీలో కలాసీ ఉద్యోగం ఖాళీ ఉందనీ, గవర్నమెంటు నౌకరీ అనీ, మా పడవ కప్పు గెలిస్తే పై వాళ్ళకి చూపించుకోవడానికి బాగుంటుందనీ, నా పేరు రాస్తాననీ. మామూలుగా చెప్పి థర్మాస్ లో కాఫీ పోసుకున్నారు. నేను ఇంటికొచ్చి చెబితే మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి నిలబడింది. లాంచీ కాలవ మీదే తిరుగుద్దా, సముద్రంలోకి పోదా అని మూడుసార్లు అడిగింది. పోదు అన్నాను. ఆ రోజు నుంచి గురువారం గురువారం ఒంటిపొద్దు ఉండడం మొదలుపెట్టింది. చివరి గురువారానికి మాకూ షావుకారు గారికీ గెలుపులు సమానమయ్యాయి. ఎవరు ముందు వస్తే కప్పు వాళ్ళది. లెక్చరర్ గారికి రైలు తప్పింది. ఏటి మీద మేం రెండు పడవలమే.

ఆ సాయంత్రం గాలి ఎక్కువగా ఉంది, పాటు కూడా తీస్తోంది. పోయేటప్పుడు షావుకారు గారి పడవే ముందుంది. పెదనాన్న చేతిలో తాడు ఉండగా ఇంకెవరు ముందుంటారు. జెండా చుట్టేటప్పుడు వాళ్ళు కాస్త వెడల్పుగా తిరిగారు, మేం లోపలి పక్క నుంచి దూరి బయటపడ్డాం. ఇక రేవు దాకా ఒకే వరస. ఇంజనీరు గారు ముందుకి చూస్తూ చుక్కాని పట్టుకున్నారు. నేను అంచు మీద వెనక్కి తిరిగి వాలి ఉన్నాను, వెనక వచ్చే పడవ నాకు ఎదురుగా కనిపిస్తోంది. ఏటి మధ్యలో వాళ్ళ పడవ ఒక్కసారి పక్కకి ఒరిగింది, లేచింది. లేచాక చాప కిందికి వచ్చేసింది. చిరిగి రాలేదు, విరిగి రాలేదు. పైనుంచి కిందిదాకా నిదానంగా, ఒక మనిషి తాడు వదులుతూ దించితే ఎట్టా వస్తుందో అట్టా వచ్చింది.

నాకు తెలిసింది. ఇది ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను, ఎందుకంటే తరవాత నాకు నేను చాలా రకాలుగా చెప్పుకున్నాను. దూరమనీ, కళ్ళలో నీళ్ళు పడ్డాయనీ, రూల్సులో ఉందిగదా అనీ. అవన్నీ తరవాత పుట్టినవి. ఆ క్షణాన నాకు తెలిసింది. ఆయన దించింది నాకోసమే, ఏటి మీద చూసేవాణ్ణి నేనొక్కణ్ణే గనక. రేవు ఎంతో దూరం లేదు. మా అమ్మ పొద్దుటినుంచి మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. "వెనక ఎంత దూరంలో ఉన్నారోయ్?" అని అడిగారు ఇంజనీరు గారు, తల తిప్పకుండానే. నేను, "చాప దించేశారండి" అన్నాను. అబద్ధం కాదు. అంతవరకే చెప్పాను. దానికి మాలో అర్థమేంటో చెప్పలేదు. "అయితే మానుకున్నారన్నమాట. ఇంకేం, లాగు" అన్నారాయన సంతోషంగా. నేను లాగాను.

రేవులో ఈల వేశారు, చప్పట్లు కొట్టారు. అప్పుడు గాని నేను ఒడ్డు మీదికి దూకి "మా పెదనాన్న" అని అరవలేదు. చూసేసరికి ఖాళీ పడవ పాటుకి కొట్టుకుపోతోంది. ఆవలి ఒడ్డు నుంచి జనాన్ని తెస్తున్న రేవు పడవ వాళ్ళు అటు తిరిగి వెళ్ళి ఇద్దర్నీ పైకి లాగారు. పడవ ఒరిగినప్పుడు షావుకారు గారు జారి పడిపోయారట. ఆయనకి ఈత రాదు. పెదనాన్న చాప దించి దూకాడు. అంత భారీ మనిషిని ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో కొట్టుకుపోయే పడవ తాడు వదలకుండా, రేవు పడవ వచ్చిందాకా ఉన్నాడు. షావుకారు గారు నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి లేచి తిరిగారు. పెదనాన్న కుడి భుజం కీలు తప్పింది. కట్టు కట్టించారు గాని ఆ చెయ్యి మళ్ళీ భుజం దాటి పైకి లేవలేదు. చాప ఎత్తాలంటే చెయ్యి పైకి లేవాలి.

వారం తిరక్కుండా మా పాలెం పెద్దాయన, వలలు ఆరేసే ఇసకలో అందర్నీ కూర్చోబెట్టాడు. రేవు పడవ వాళ్ళు చెప్పారు, పడవ మీద చాప కిందికి ఉందని, ముందు పోయే పడవలో మీవాడే ఉన్నాడని. పెద్ద నన్ను అడగలేదు. పెదనాన్ననే అడిగాడు, అదే పద్ధతి.

"వెంకటసామీ, చాప నువ్వు దించావా, అదే జారిందా?"

పెదనాన్న కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఏటి వైపు చూస్తున్నాడు. "జారింది" అన్నాడు.

"జారడమేంటి?"

"ముడి సరిగా పడలా."

పెద్ద మళ్ళీ, "నీ ముడా?" అని అడిగాడు. "నా ముడే" అన్నాడు. జారిన చాపకి ఎవరూ రానక్కర్లేదు, అది దించినట్టు కాదు. తీర్పు అయిపోయింది. నేను అక్కడే, ఆయనకి రెండు బారల దూరంలో కూర్చుని ఉన్నాను. నోరు తెరిస్తే సరిపోయేది. మా అమ్మ ఆడవాళ్ళలో నుంచి నా వంకే చూస్తోంది. ఆమెకి ఏం తెలుసో, ఏం తెలియదో నేను ఎప్పుడూ అడగలేదు. అందరూ లేచి ఇసక దులుపుకుని వెళ్ళిపోయారు, నేనూ వెళ్ళిపోయాను.

నాకు ఉద్యోగం వచ్చింది. ఇంజనీరు గారు మాట నిలబెట్టుకున్నారు. మరుసటేడు బదిలీ అయి వెళ్ళిపోయారు, క్లబ్బు పడవలు రేవులో ఎండకి విచ్చిపోయాయి. నేను కొమ్మమూరు కాలవ మీద లాంచీలో కలాసీగా చేరి, బాపట్లలో కాపరం పెట్టి, తరవాత తెనాలి ఆఫీసులో గుమాస్తానై, పింఛను తీసుకున్నాను. లాంచీలో తీరిక ఎక్కువ, చదవడం అలవాటైంది, దాన్నుంచి రాయడం. మా అమ్మ నా దగ్గరే పోయింది, మంచం మీద, కడుపునిండా తిని. మంచి జీవితమే. అదంతా ఆ సాయంత్రం లాగిన ఒక్క తాడు మీద కట్టుకున్నది. అటు పాలెంలో పెదనాన్నకి "జారుముడి" అని పేరు పడింది. మొదట చాటున, తరవాత మొహం మీదే. కొత్త పడవకి మొదటి ముడి వెయ్యమని ఆయన్ని మళ్ళీ ఎవరూ పిలవలేదు. ఎడమ చేత్తో వలలు కుడుతూ గడిపాడు. పండక్కి వెళ్తే నాకు ఎండు చేపలు కట్టించి ఇచ్చేవాడు, "ఒంట్లో బాగుందా?" అనేవాడు. ఒక్కసారైనా ఆ సంగతి ఎత్తుతాడేమో అని భయపడుతూ వెళ్ళేవాణ్ణి, ఎత్తలేదని నిమ్మళంగా తిరిగొచ్చేవాణ్ణి. ఆ నిమ్మళానికి ఇప్పుడు నాకే అసహ్యం వేస్తుంది.

పెద్దకర్మకి వెళ్ళాను. పాలెం గుర్తు పట్టేట్టు లేదు. తుమ్మచెక్క ఉడికించేవాళ్ళు లేరు, వలలన్నీ నైలానువి. ఏటి మీద వంతెన పడ్డాక రేవు పడవ లేదు. చాపలూ లేవు, అన్నీ ఇంజను బోట్లు. కుర్రాళ్ళ దగ్గర సెల్లులున్నాయి, ఎవడికన్నా ఏదన్నా అయితే ఫోను చేస్తారు, సిగ్నలుంటే. ఇది మంచిదే, మా నాన్న దగ్గర ఒకటుంటే బతికేవాడు. అయితే ఫోను ఒకడికి చేస్తాం. చాప దించితే కనపడినవాడల్లా బాధ్యుడయ్యేవాడు. షామియానా కింద బల్లలు వేసి, కాగితాలు పరిచి, విస్తళ్ళు వేశారు. నన్ను పెద్దవాడినని మొదటి వరసలో కూర్చోబెట్టారు. పెద్దమ్మ ఎనభై దాటిన మనిషి, మూలన కుర్చీలో కూర్చుని వడ్డన చూస్తోంది. నా పక్కన కూర్చున్న ముసలాయన విస్తరి కడుక్కుంటూ, మంచిగానే, "పాపం, జారుముడి మంచోడు" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. ఆలోచించి లేవలేదు. "ఆయన ముడి జారలేదు. చాప ఆయన దించాడు. నేను చూశాను. చూసి వెళ్ళలేదు" అన్నాను. సాంబారు బకెట్టు పట్టుకున్న మనవడు ఆగాడు. కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "చాప దించితే ఏంటి తాతయ్యా?" అని అడిగాడు ఒకడు, నిజంగా తెలియక. ఇప్పుడు పాలెంలో పెద్దగా ఉన్నాయన నాకంటే ఇరవయ్యేళ్ళు చిన్న. నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఇప్పుడెందుకండి సార్ ఆ పాత సంగతులు. ఏదో బాధలో ఉన్నారు. కూర్చోండి, వడ్డిస్తున్నారు." నేను కూర్చోబోయాను కూడా. అది రాయడానికి సిగ్గుగా ఉంది. క్షమించేశారు గదా అనుకున్నాను.

"ఉండండి" అంది పెద్దమ్మ.

మనవడి చెయ్యి పట్టుకుని లేచి, బల్లలు పట్టుకుంటూ నా దగ్గరికి వచ్చింది. "నేను కూడా అడిగాను రా ఆయన్ని. పొద్దున ఒకసారి, మాపు ఒకసారి, ఏళ్ళ తరబడి అడిగాను. నాకు కూడా జారిందనే చెప్పాడు" అంది. "ఆ పేరు పెట్టి నా పిల్లల్ని కూడా పిలిచారు. జారుముడి కొడుకు, జారుముడి కూతురు. మళ్ళీ చెప్పు. వెనక వరసకి వినపడలా."

మళ్ళీ చెప్పాను. ఈసారి గట్టిగా చెప్పాను, ఎక్కడా ఆపకుండా, ఇంజనీరు గారు అడిగిందీ నేను చెప్పిందీ కూడా. పెద్దమ్మ చివరిదాకా వింది. విని, వంగి, నా ముందున్న విస్తరిని, వడ్డించిన లడ్డూతో సహా, తన రెండు చేతులతో మడిచి తీసింది. ఆ పాత పద్ధతి ఎరిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉన్నారు, వాళ్ళు తలలు దించుకున్నారు. కుర్రాళ్ళకి ఆమె నన్ను అవమానిస్తోందనిపించింది. "నాయనమ్మా, ఏంటది" అంటూ మనవడు ముందుకొచ్చాడు. ఆమె వాడివైపు చూడలేదు.

"ఇంటికి పో శేషూ" అంది. "వచ్చే ఏడు ఆయన సంవత్సరీకానికి రా. అప్పటిదాకా నేనుంటే నేనే వడ్డిస్తా. లేకపోతే వీడికి చెప్పి పోతా."

"వస్తాను పెద్దమ్మా" అన్నాను.

చెప్పులు వేసుకుని రోడ్డు మీదికి వచ్చాను. వెనక షామియానాలో వెనక వరస ముసలివాళ్ళెవరో కుర్రాళ్ళకి వెంకటసామి ముడి గురించి చెప్పడం మొదలుపెట్టారు. తెనాలి బస్సు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. పది రోజుల తరవాత మొదటిసారి నాకు బాగా ఆకలేసింది.